ఫోన్‌లో పాట బాగుంది, స్టీరియోలో పాడేవాళ్లు మాయం

ఫోన్‌లో వచ్చే ఇంటర్నెట్ రేడియోను కేబుల్‌తో ఇంట్లో ఉన్న స్టీరియోకు కలిపాక ఏ తేడా వచ్చినా మనవాళ్లు ముందు తిట్టేది నెట్‌నే. రౌటర్ ఆపి వేస్తారు, యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటారు, అప్పటికీ కుదరకపోతే ప్లాన్ పెంచుతారు. 128 కేబీపీఎస్ స్ట్రీమ్ గంటసేపు విన్నా ఖర్చయ్యేది 60 ఎంబీ లోపే. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉండే మామూలు బ్రాడ్‌బ్యాండ్‌కు అదొక లెక్క కాదు. అందుకని ముందు ఈ పని చేయండి: ఫోన్ నుంచి కేబుల్ పీకేసి, అదే స్టేషన్‌ను ఫోన్ స్పీకర్‌లో ఐదు నిమిషాలు వినండి. అక్కడ బాగుంటే నెట్ జోలికి, యాప్ జోలికి పోనక్కర్లేదు. తేడా ఫోన్ సాకెట్ నుంచి స్పీకర్ల దాకా ఉన్న దారిలోనే ఎక్కడో ఉంది. నన్ను సాయం అడిగేవాళ్లలో ఈ పరీక్ష చేసి వచ్చేవాళ్లు అరుదు.

అసలు శబ్దమే లేదు

స్టీరియో సెలెక్టర్ ఆక్స్ (ఫోన్ లాంటి బయటి పరికరాలు కలిపే ఇన్‌పుట్) మీద ఉందా, ఫోన్ వాల్యూమ్ సగం పైన ఉందా చూడండి. పాత ఆంప్లిఫయర్ అయితే టేప్ మానిటర్ బటన్ లోపలికి నొక్కి ఉందేమో కూడా చూడాలి. దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డ తగిలి పడిపోతుంటుంది. అది నొక్కి ఉన్నంతసేపు సెలెక్టర్ ఎటు తిప్పినా ఆంప్లిఫయర్ లేని టేప్ డెక్ వైపే చెవి పెట్టుకుని కూర్చుంటుంది.

ఖాళీగా ఉంది కదా అని ఫోనో అని రాసి ఉన్న సాకెట్లలో మాత్రం పెట్టకండి. అవి రికార్డ్ ప్లేయర్ పంపే బలహీనమైన సిగ్నల్ కోసం. ఫోన్ నుంచి వచ్చేది అక్కడ పెడితే బేస్ బూరెలా ఉబ్బి, పాట పగిలిపోతుంది.

స్క్రీన్ ఆరిన కాసేపటికి ఆగిపోతోంది

ఇది ఫోన్ చేసే పొదుపు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ వాడకం మీద ఉన్న ఆంక్షలు తీసేయండి. బ్లూటూత్‌తో వింటూ పాట ముక్కలుగా వస్తుంటే ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. బ్లూటూత్, పాత వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ మూడూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తోసుకుంటాయి. చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లు సరేసరి.

పాట వస్తోంది, పాడేవాళ్లు లేరు

ఇక్కడ కాస్త ఆగాలి. ఇది చూడటానికి కేబుల్ తప్పులా ఉండదు. శబ్దం రెండు స్పీకర్లలోనూ వస్తుంది, పర్వాలేదనిపించేంత గట్టిగానే వస్తుంది. వయొలిన్లు, కోరస్ వినిపిస్తాయి. అసలు గొంతు మాత్రం పోయి, దాని ప్రతిధ్వని ఒక్కటే మిగులుతుంది. బేస్ పలచబడుతుంది. స్టేషన్ మారిస్తే ఇంకో వింత: కొత్త పాటలు వేసే స్టేషన్ సగమైనా వస్తుంది, ఘంటసాల పాటలు వేసేది దాదాపు మూగ. వార్తలైతే ఎవరో చదువుతున్నారన్న అనుమానమే తప్ప మాట తెలియదు. దాంతో స్టేషనే పడిపోయిందని తేల్చేస్తారు. మారతహళ్లిలో మా పైఅంతస్తు బాబాయిగారు "ఏమయ్యా, మన ఆకాశవాణిని గానీ ఎత్తేశారా?" అని అడిగారు. ఆకాశవాణి నిక్షేపంగా ఉంది బాబాయిగారూ, మీ ఫోన్ పౌచే మందంగా ఉంది అని చెప్తే నమ్మలేదు. పౌచ్ తీసి ప్లగ్ లోపలికి నొక్కాక నమ్మారు.

సంగతేమిటంటే, 3.5 ఎంఎం ప్లగ్‌లో కొన ఎడమ చానల్, దాని వెనక ఉన్న వలయం కుడి చానల్, మొదట్లో ఉన్న పొడవాటి భాగం రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్, అంటే సిగ్నల్ తిరిగి వెళ్లే దారి. మందపాటి పౌచ్ అడ్డుపడి ప్లగ్ కొంచెం బయటే ఆగిపోతే, సాకెట్ లోపల గ్రౌండ్‌ను అందుకోవాల్సిన రేకు ప్లగ్ మీది నల్ల గీత మీద కూర్చుంటుంది. ఆ గీత ప్లాస్టిక్. అంటే తిరుగుదారి తెగింది. అప్పుడు ఎడమ చానల్ కుడి చానల్ గుండానే తిరిగి వెళ్లాలి. ఆంప్లిఫయర్‌కు అందేది ఆ రెండింటి మధ్య తేడా మాత్రమే. రెండింటిలో ఒకేలా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పాడేవాళ్ల గొంతు, బేస్ మామూలుగా మధ్యలో ఉండేలా రికార్డు చేస్తారు, అంటే రెండు చానళ్లలోనూ సమానంగా ఉంటాయి. ముందు పోయేవి అవే. ఘంటసాల కాలం పాటలు మోనో, అంటే రెండు చానళ్లలోనూ ఒకటే, కాబట్టి పాట మొత్తం పోతుంది. వార్తలదీ అదే గతి.

పట్టుకోవడానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి మోనో ఆడియో ఆన్ చేయండి. కేబుల్ బాగుంటే పాట మామూలుగానే వస్తుంది. గ్రౌండ్ పోయి ఉంటే ఉన్నపళంగా శబ్దం చచ్చిపోతుంది. అలా చచ్చిపోయిందంటే దొంగ దొరికినట్టే. పరీక్ష అయ్యాక ఆ సెట్టింగ్ మళ్లీ తీసేయండి, మర్చిపోయి స్టీరియో రావట్లేదని ఇంకో గొడవ మొదలుపెట్టకండి.

ఇప్పుడు పౌచ్ తీసి ప్లగ్‌ను టక్కుమనేదాకా నొక్కండి. లోపలికి వెళ్లకపోతే సాకెట్ అడుగున జేబు నూగు ఉండలా పేరుకుని ఉంటుంది. ఫోన్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తీయండి, పిన్నీసు వద్దు. ప్లగ్ పూర్తిగా దిగినా గొంతు రాకపోతే, పాట వస్తుండగా కేబుల్‌ను ప్లగ్ మెడ దగ్గర అటూ ఇటూ వంచండి. గొంతు వచ్చి పోతుంటే లోపల గ్రౌండ్ తీగ తెగింది. మల్టీమీటర్ ఉంటే బీప్ మోడ్‌లో ఒక ముల్లు ప్లగ్ మొదలుకు, రెండోది ఆంప్లిఫయర్ వైపు ఉన్న ఎర్ర, తెల్ల ప్లగ్గుల బయటి రింగుకు పెట్టి చూడండి. రెండింటికీ బీప్ రావాలి, మెడ వంచినా ఆగకూడదు. ఆగితే ఆ కేబుల్ చెత్తబుట్టకే. ఎస్.పి. రోడ్డులో ఏ షాపులోనైనా కొత్తది దొరుకుతుంది. కొనేటప్పుడు మెడ సన్నగా, పౌచ్ రంధ్రంలో పట్టేలా ఉన్నది అడగండి. ప్లగ్ మీద నల్ల గీతలు రెండే ఉండాలి. మూడు గీతలది మైకు కోసం, అది తెచ్చుకుని ఇంకో చిక్కులో పడొద్దు.

ల్యాప్‌టాప్‌తో వినేవాళ్లను ఇదే తప్పు ఇంకోలా మోసం చేస్తుంది. మూడు పిన్నుల చార్జర్ పెట్టగానే గొంతు తిరిగొస్తుంది, వెంట జుయ్‌మనే హమ్ కూడా. ఆంప్లిఫయర్‌కూ ఎర్త్ ఉంటే తెగిన గ్రౌండ్‌కు బదులు గోడలోని ఎర్త్ తీగే తిరుగుదారి అవుతుంది, అందుకని. పాట వచ్చింది కాబట్టి కేబుల్ బాగుందనుకుని, హమ్ కోసం చార్జర్ మార్చేవాళ్లను చూశాను. ఒకాయన ఆంప్లిఫయర్‌ను రిపేర్ షాపుకు మోసుకెళ్లి, అంతా బాగుందని చెప్పించుకుని మోసుకొచ్చారు. అక్కడ వాళ్లు తమ కేబుల్ పెట్టి చూస్తారు, బాగుండక ఏమవుతుంది?

ఎఫ్ఎం, సీడీ పెట్టినా బేస్ తక్కువగా, గొంతు చెదిరినట్టుగా ఉంటే మాత్రం ఇది వేరు. ఒక స్పీకర్ వెనక ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. సరిచేస్తే సరి.

ఎప్పుడూ హమ్

కేబుల్ బాగుందని తేలాక కూడా హమ్ ఉంటే, స్టీరియోకు కలిపి ఉన్న సెట్‌టాప్ బాక్స్ నుంచి కేబుల్ టీవీ వైరు తీసి చూడండి. డాబాల మీదుగా వచ్చే ఆ వైరు తన గ్రౌండ్‌ను వెంట తెచ్చుకుంటుంది, మీ ఇంటి ఎర్త్‌తో కలిసి లూప్ అవుతుంది. తీయగానే హమ్ పోతే ఆ బాక్స్ నుంచి స్టీరియోకు వచ్చే ఆడియో కేబుల్ మధ్యలో ఆ లూప్‌ను తెంపే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. ఎర్త్ పిన్ విరగ్గొట్టి హమ్ పోగొట్టమనే సలహా ఎవరు ఇచ్చినా వినకండి, అది ప్రాణం మీదకు తెచ్చే పని.

మిగతావి అరుదు. ఫోన్ స్పీకర్‌లో కూడా ఒక్క స్టేషనే రాకపోతే దాని స్ట్రీమ్ అడ్రస్ మారి ఉంటుంది, యాప్ అప్‌డేట్ చేయండి. ఫోన్ కాకుండా పాతకాలపు ఇంటర్నెట్ రేడియో పెట్టె వాడుతూ స్టేషన్ల జాబితాయే రాకపోతే, దానికి జాబితా ఇచ్చే సేవ మూతపడిందేమో చూడండి. రెసీవా అలాగే 2021లో ఆగిపోయింది. ఆ పెట్టెకు ఆక్స్ ఇన్‌పుట్ ఉంటే ఫోన్ కలిపి స్పీకర్‌గా వాడుకోండి, పౌచ్ తీసేసి.