అనంతపురం మిద్దెలపై సోలార్ పెట్టించే ముందు

పలకల ధర అడగడానికి ముందు ఏడాది కరెంటు బిల్లులు తీసి లెక్క వేయండి. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. మిగులు అమ్మి సంపాదిద్దామని అవసరానికి మించి పెట్టించవద్దు. అమ్మే యూనిట్‌కు వచ్చేది సాధారణంగా కొనే ధర కన్నా తక్కువే. నా దృష్టిలో అసలు రాబడి బిల్లు తగ్గడమే.

నీడ: ఉదయం 9కి, మధ్యాహ్నం, సాయంత్రం 4కి మిద్దె ఎక్కి చూడండి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క పలక మూలను తాకినా వరుసంతటి దిగుబడి పడిపోవచ్చు. చలికాలంలో ఆ నీడ ఇంకా సాగుతుంది.

రాయితీ: ఇళ్ల మిద్దెలపై సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు లేదా అంతకు మించితే రూ.78,000. విక్రేత ఆ పథకం పోర్టల్‌లో నమోదై ఉండాలి, పలకలు దేశీయ సెల్‌లతో చేసినవై ఉండాలి.

వచ్చే కరెంటును, బయటికి పంపే కరెంటును వేర్వేరుగా లెక్కించే నెట్ మీటరు బిగించేదాకా స్విచ్ వేయనివ్వకండి. బయటికి పంపిన కరెంటును కూడా పాత మీటరు మీ వాడకంగానే లెక్కించవచ్చు.

బ్యాటరీ లేకుంటే, సరఫరా పోగానే సోలార్ కూడా ఆగుతుంది. మీ కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు.

బోరు నీళ్లతో కడిగితే అద్దంపై తెల్లని ఉప్పు చారలు మిగులుతాయి. తెల్లవారుజామునే, మంచినీళ్లతో, మెత్తని గుడ్డతో తుడవండి. ఆషాఢ గాలులకు ముందు బోల్టులు బిగించి చూసుకోండి.