కారు పవర్ యాంటెన్నా పైకి రావట్లేదా? ముందు మోటారు చప్పుడు వినండి

రేడియో ఆన్ చేయగానే వెనక మడ్‌గార్డ్ మీంచి కడ్డీ సర్రున పైకి లేచే కార్లు 90ల్లో బాగా ఉండేవి. అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న జపాన్ కార్లు కొన్నిటికి ఇవి ఉండేవి. నాదీ అలాంటిదే, 1996 అకార్డ్. ఇప్పటికీ నడుస్తోంది, దాన్ని అమ్మే ఉద్దేశం నాకు లేదు. ఒక చలికాలం పొద్దున యాంటెన్నా సగంలో ఆగిపోయింది. షాపుకి తీసుకెళ్తే మోటారుతో సహా మొత్తం మార్చాలన్నారు. తీరా చూస్తే చెడింది కడ్డీ ఒక్కటే. అందుకే చెబుతున్నా, డబ్బు తీసే ముందు రెండు నిమిషాలు చెవి పెట్టి వినండి.

లోపల ఉన్నది పెద్ద యంత్రమేమీ కాదు. కడ్డీ పాత ట్రాన్సిస్టర్ ఏరియల్ లాగా ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు. దాని అడుగున పళ్లున్న నైలాన్ తాడు ఉంటుంది. మోటారులోని పళ్లచక్రం ఆ తాడును పైకి నెడుతుంది, కిందికి లాగుతుంది. కిందికొచ్చిన తాడు డబ్బాలో టేపులా చుట్టుకుంటుంది. మోటారుకి ఒక వైరులో ఎప్పుడూ 12 వోల్టులు ఉంటాయి, ఇంకోటి ఎర్త్. మూడోది రేడియో నుంచి వచ్చే సిగ్నల్ వైరు. అందులో కరెంటు వస్తే కడ్డీ లేస్తుంది, పోతే దిగుతుంది.

మోటారు తిరుగుతోంది, కడ్డీ కదలట్లేదు

ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. మోటారు కొన్ని సెకన్లు గిర్రుమని ఆగుతుంది, లేదా లోపల టకటకమని పళ్లు జారుతున్న చప్పుడు వస్తుంది. నైలాన్ తాడు తెగిందన్నమాట, లేదా పళ్లు అరిగాయి. నా కారులోంచి తీసిన తాడు ముసలివాళ్ల గోరులా పసుపు తిరిగింది, వేళ్ల మధ్య వంచగానే చిటుక్కున విరిగింది. ఎండకీ చలికీ ఏళ్ల తరబడి గట్టిపడిపోతే అంతే. దీనికి కొత్త మాస్ట్, అంటే తాడుతో సహా వచ్చే కడ్డీ, చాలు. మోటారు జోలికి పోనక్కర్లేదు.

కొనేటప్పుడు మీ కారు మోడలు, సంవత్సరం చెప్పి కొనండి. అన్ని కార్లకూ సరిపోతుందని అమ్మేవి నాకు నచ్చవు. తాడు మందం కొంచెం తేడా వచ్చినా పళ్లచక్రం పట్టుకోదు.

ఈ పనికి ఇద్దరుండాలి. మా బావమరిది సీట్లో కూర్చున్నాడు, నేను వెనక నిలబడ్డాను. ముందుగా కడ్డీ మొదట్లో ఉన్న నట్టు విప్పాలి. దానికి గాట్లుంటాయి కాబట్టి నోస్ ప్లయర్‌తో తిప్పచ్చు. పెయింటు గీసుకుపోకుండా చుట్టూ గుడ్డ వేసుకోండి. తర్వాత రేడియో ఆన్ చేయిస్తే మోటారు పాత తాడును బయటికి తోసేస్తుంది. మీరు కడ్డీని నిటారుగా పైకి లాగుతూ ఉండాలి. తీశాక తాడు పళ్లు ఏ వైపుకి ఉన్నాయో గుర్తు పెట్టుకోండి, కొత్తది కూడా అలాగే దిగాలి. పాత తాడును కొత్తదాని పక్కన పెట్టి పొడవు కూడా చూడండి. పొట్టిగా ఉంటే ముక్క లోపలే ఉండిపోయింది.

కొత్త తాడు కొసను రంధ్రంలోకి పోనిచ్చి, తగిలి ఆగేదాకా నెట్టండి. "ఇప్పుడు ఆఫ్ చెయ్ రా" అనగానే మావాడు ఆఫ్ చేశాడు. మోటారు తిరిగింది గానీ తాడు కదల్లేదు. "బావా, పట్టుకోలేదా?" అని లోపల్నుంచి అడుగుతున్నాడు. మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్. ఈసారి తాడును మెల్లగా కొంచెం తిప్పుతూ కిందికి అదిమాను. పళ్లు పట్టాయని చేతికే తెలిసింది, చేప గాలానికి తగిలినట్టు ఒక్క గుంజు. అక్కణ్ణుంచి బలం పెట్టకూడదు. మెలిక పడకుండా తాడును నిటారుగా పట్టుకుంటే మోటారే లాక్కుంటుంది. చివర్లో కడ్డీని రంధ్రంలో సరిగ్గా కూర్చోబెట్టి నట్టు బిగించండి. రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఆడిస్తే కొస దాకా దిగుతుంది.

తాడు ముక్క లోపల చిక్కితే

అప్పుడు మోటారు డబ్బా దించక తప్పదు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, డిక్కీ లోపలి అట్ట తొలగించి, బోల్టులు, కనెక్టరు, యాంటెన్నా కేబులు విప్పితే వస్తుంది. మూత తీసి ముక్క ఏరెయ్యండి. మైనంలా గడ్డకట్టిన పాత గ్రీజు తుడిచి, తెల్ల లిథియం గ్రీజు పల్చగా రాయండి. తిరిగి పెట్టేటప్పుడు అడుగున ఉండే రబ్బరు గొట్టం మరిచిపోవద్దు. కడ్డీ పక్కనుంచి దిగిన వాన నీళ్లు దాన్లోంచే బయటికి పోవాలి. అది పూడుకుపోతే మోటారు తుప్పుపడుతుంది.

సగం దాకా వచ్చి ఆగుతోంది

కడ్డీ వంగిందా చూడండి. వంగితే మార్చడమే, సాపు చేసినా ఎక్కడో పట్టేస్తుంది. వంగకపోతే మురికి. కొంచెం డబ్ల్యూడీ-40 గుడ్డ మీద కొట్టి తుడవండి. కడ్డీకి మాత్రం గ్రీజు రాయద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. మంచు పేరుకున్న పొద్దున రేడియో వేయకండి, కార్‌వాష్‌లోకి వెళ్లేముందు ఆపేయండి. నా తాడు తెగింది మంచు రోజునే.

సగం కడ్డీతో పాటలు గరగరలాడటానికి కారణం ఉంది. ఎఫ్ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల కడ్డీకి సిగ్నల్ బాగా అందుతుంది.

అసలు చప్పుడే లేదు

ముందు ఫ్యూజు. అది బాగుంటే మోటారు కనెక్టరు దగ్గర మీటరు పెట్టండి. రేడియో ఆన్‌లో రెండు వైర్లలోనూ 12 వోల్టులు కనిపించి, ఎర్త్ కూడా బాగుంటే, అప్పుడు మోటారునే అనుమానించాలి. సిగ్నల్ వైరులో రాకపోతే రేడియో వైపు వెతకండి.

రేడియో మార్చాక మొదలైన గోల

బయట కొన్న స్టీరియోలకి మామూలుగా రెండు నీలం వైర్లు ఉంటాయి. పూర్తి నీలం రంగుది యాంటెన్నాకి, నీలం మీద తెల్ల చార ఉన్నది ఆంప్లిఫైయరుకి. తెల్ల చార దానికి యాంటెన్నా కలిపితే, పాటలు ఫోన్లోంచి వింటున్నా కడ్డీ లేచే ఉంటుంది. వైరు మార్చి నీలం దానికి కలపండి. మామూలుగా రేడియో స్టేషన్లు పెట్టినప్పుడే లేస్తుంది.