రేగు కంపకు మేకలు: కొనేముందు కనురెప్ప లాగి చూడండి

చెలకలో రేగు కంప ఎన్నిసార్లు కొట్టినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురును వచ్చింది వచ్చినట్టు మేపేస్తే వేరులో దాచుకున్న బలం తగ్గిపోతుంది. అందుకే మేకలు. గొర్రెలు గడ్డికే తల వంచుతాయి; మేక వెనక కాళ్ల మీద లేచి ఐదడుగుల ఎత్తు ఆకు కూడా అందుకుంటుంది.

ఎకరానికి 8–10 చొప్పున పెట్టాను. అన్నీ రెండు పళ్లవి, నాలుగు పళ్లవి. అంటే సుమారు ఒకటి నుంచి రెండేళ్ల వయసు. కంప మేసి పెరిగిన నాటు మందలోవే తీసుకోవాలి. కొట్టంలో దాణా మీద పెరిగినవి ముళ్ల జోలికి త్వరగా పోవు.

సంతలో బేరానికి ముందు కింది కనురెప్పను బొటనవేలితో లాగి చూడండి. లోపల ఎర్రగా ఉంటే మంచిది. తెల్లగా పాలిపోయిందంటే చాలావరకు కడుపులో రక్తం పీల్చే పురుగులున్నట్టే. తోక కింద పారుడు అంటుకున్నా, ముక్కు కారుతున్నా ధర ఎంత తగ్గించినా వద్దు. అవి పీపీఆర్ అనే వైరస్ జబ్బు గుర్తులు కావచ్చు; అది ఒక్క మేకతో మందంతా పాకుతుంది. తెచ్చినవాటిని మూడు వారాలు విడిగా కట్టి, పశువుల డాక్టర్‌తో పీపీఆర్, చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే జబ్బు) టీకాలు వేయించాలి.

సర్కారు తుమ్మను మాత్రం కాయ పండకముందే నరకాలి. మేక దాని ఆకు పెద్దగా ముట్టదు, కాయలు ఇష్టంగా తింటుంది, గింజలు పెంటికలతో పడి చేనంతా మొలుస్తాయి. లాంటానా పొద మేకలకు విషం, ముందే పీకేయండి. మామిడి మొదళ్లకు ముళ్లకంప చుట్టకపోతే బెరడు మిగలదు.