సొంతంగా కట్టిన సబ్‌మెరైన్‌ను ఇంకా లోతుకు దించే ముందు

ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతులో 50 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి హ్యాచ్ (లోపలికి దిగే తలుపు) మీద దాదాపు 20 టన్నుల బరువు పడుతుంది. ముందు ఈ లెక్క వేసుకోండి.

- రేకు మందం పెంచితే చాలనుకోవద్దు. బయటి పీడనానికి హల్ (సబ్‌మెరైన్ బయటి గుల్ల) చాలాసార్లు లోపలికి నలిగి కూలుతుంది. గుండ్రదనంలో చిన్న తేడా ఉన్నా తట్టుకునే లోతు బాగా తగ్గుతుంది. వెల్డింగ్ చేశాక మళ్లీ చుట్టూ కొలవండి. లెక్కలు అనుభవమున్న ఇంజినీరుకు చూపించండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.
- యాక్రిలిక్ కిటికీల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. పాతవి కొత్త లోతుకు సరిపోతాయని ఊహించొద్దు.
- వైర్లు, షాఫ్టులు హల్‌లోంచి బయటికెళ్లే ప్రతి చోటా సీళ్లు చూడండి.
- లోతు పెరిగితే బ్యాలస్ట్ (మునగడానికి నీళ్లు నింపే ట్యాంకులు) ఖాళీ చేయడానికి ఎక్కువ గాలి కావాలి. సిలిండర్లు చాలుతాయా? పైకి తేలడానికి, కరెంటు లేకున్నా చేత్తో వదిలేయగల బరువు తప్పనిసరి.
- కార్బన్ డయాక్సైడ్ పీల్చే స్క్రబ్బర్, దాన్ని కొలిచే మీటరు ఉండాలి.

మొదటిసారి మనిషి లేకుండా, తాడు కట్టి, అనుకున్న లోతుకంటే కిందికి దించండి. 2023లో సముద్రంలో నలిగి కూలిన టైటాన్ సబ్‌మెరైన్ కూడా అంతకుముందు చాలాసార్లు సురక్షితంగా దిగొచ్చిందే, కాబట్టి ప్రతి డైవ్ తర్వాతా హల్ పరీక్షించాలి.