గ్యాస్ కొట్టించే ముందు: కారు ఏసీలో లోపం ఎక్కడుందో, ఎంతవుతుందో

మార్చి దాటితే తిరుపతి ఏసీ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. బానెట్ ఎత్తకముందే వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింటాది సార్, కొట్టిద్దాం." పద్దెనిమిది వందలో రెండు వేలో ఇచ్చి బయటికొస్తే నెల రోజులు చల్లగా ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ అదే షెడ్డు, అదే మాట.

పెట్రోలు మాదిరి ఏసీ గ్యాస్ ఖర్చయిపోదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు హోసుల నుంచి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ సీలు నుంచి ఏళ్ల మీద కొంచెం జారడం మామూలే కాబట్టి ఐదారేళ్లకోసారి తగ్గితే తప్పు పట్టక్కర్లేదు. ఏడాదిలోపే తగ్గిందంటే మాత్రం ఎక్కడో లీకుంది. అసలు గ్యాస్‌తో సంబంధమే లేని లోపాలు సగం దాకా ఉంటాయి. అందుకే గ్యాస్ దగ్గర కాకుండా లక్షణం దగ్గర మొదలుపెట్టాలి.

కింద రాసిన ధరలు చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు, బయటి షెడ్డులో అయ్యే ఉజ్జాయింపు లెక్క. మోడల్‌ను బట్టి మారతాయి. వెనక సీట్లకు వేరే ఏసీ ఉన్న పెద్ద బండికి ఒకటిన్నర రెట్లు వేసుకోండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంకాస్త.

ముందు ఇంటి దగ్గర పది నిమిషాలు

నీడలో బండి పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. ఏసీ ఆన్ చేసి, బ్లోయర్ రెండో నంబరులో, బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్‌లో పెట్టండి. లోపల ఒకరు ఏసీ బటన్ ఆన్, ఆఫ్ చేస్తుంటే మీరు బానెట్ దగ్గర చెవి పెట్టండి. కంప్రెసర్ పుల్లీ దగ్గర "టక్" అని క్లచ్ (పుల్లీని కంప్రెసర్‌తో కలిపే ప్లేటు) పట్టుకోవాలి, కాసేపట్లో రేడియేటర్ దగ్గరి ఫ్యాన్ తిరగాలి. కొన్ని కొత్త మోడళ్లలో క్లచ్ ఉండదు. వాటిలో టక్ వినపడకపోతే కంగారు పడకండి.

ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలోంచి రెండు అల్యూమినియం పైపులు లోపలికి పోతుంటాయి. లావు పైపు చల్లగా, నీళ్లు పట్టి ఉండాలి. సన్నది గోరువెచ్చగానో వేడిగానో ఉండాలి. రెండూ ఒకే వేడిలో ఉంటే గ్యాస్ సరిగా తిరగట్లేదు. మూడొందలకు దొరికే డిజిటల్ థర్మామీటర్ పుల్లను మధ్య వెంట్‌లో పెట్టి చూడండి. బయట 40 డిగ్రీలున్న రోజున, పది నిమిషాల తర్వాత 10 నుంచి 14 మధ్య చూపిస్తే ఏసీ బాగానే పనిచేస్తున్నట్టు. ఎండలో నిలబెట్టిన బండి లోపలి వేడికి ఏసీని తిట్టి లాభం లేదు. అద్దాలు దించి రెండు నిమిషాలు నడిపితే సగం వేడి పోతుంది.

గాలే సరిగా రావట్లేదు

గ్లోవ్‌బాక్స్ వెనక ఏసీ ఫిల్టర్ చూడండి. రేణిగుంట వైపు దుమ్ములో తిరిగే బండికి ఏడాది తిరక్కముందే అది నల్లటి దుప్పటిలా తయారవుతుంది. కొత్తది 250 నుంచి 600, మార్చడానికి ఐదు నిమిషాలు. బ్లోయర్ నాలుగో నంబరులో మాత్రమే తిరుగుతూ మిగతా వాటిలో ఆగిపోతే రెసిస్టర్ కాలిపోయింది, 400 నుంచి 1,500. అసలు తిరగకపోతే ముందు ఫ్యూజు, ఆ తర్వాత మోటార్. మామిడి చెట్టు కింద బండి పెట్టేవాళ్లు వైపర్ల కింది జాలీలో ఆకులు తీయించండి. బ్లోయర్‌లోకి ఆకులు, వాటి వెంట ఎలుకలు దూరేది అక్కణ్నుంచే.

ముందు సీటులో కాళ్ల దగ్గర తడి కనిపిస్తే నీళ్లు పోయే రబ్బరు పైపు మూసుకుపోయినట్టే. బండి కింద నుంచి సన్నని తీగతో మెల్లగా పొడిస్తే సరిపోతుంది.

గాలి వస్తోంది, చల్లదనం లేదు

టక్ వినపడలేదంటే ఎక్కువగా కంప్రెసర్‌కు కరెంటు అందట్లేదు. వరుసగా చూడండి: ఫ్యూజు, రిలే (అదే రకం హారన్ రిలే తీసి దీని చోట పెట్టి చూడొచ్చు), తర్వాత ప్రెజర్ స్విచ్. గ్యాస్ బాగా తగ్గితే ఈ స్విచ్చే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. దాన్ని వైరుతో కలిపేసి బలవంతంగా నడిపించే మెకానిక్‌ను అక్కడే ఆపండి. కంప్రెసర్‌కు నూనె అందేది గ్యాస్‌తో పాటే. గ్యాస్ లేకుండా తిప్పితే లోపల గీసుకుపోతుంది.

గ్యాస్ ఉందో లేదో తెలియాలంటే ఇంజన్ ఆపి, చల్లారిన బండికి ఒత్తిడి చూపే గేజీ తగిలిస్తే చాలు. ఆర్‌-134ఏ (చాలా కార్లలో ఉండే రకం) గ్యాస్ సరిపడా ఉంటే బయట 30 డిగ్రీలప్పుడు సుమారు 97 పీఎస్‌ఐ, 35కు 114, 40కి 133 చూపిస్తుంది. 35 డిగ్రీల ఎండలో 60 దగ్గర ఆగిందంటే గ్యాస్ పోయింది. ఒక మెలిక ఉంది: లోపల కొంచెం ద్రవం మిగిలున్నా ముల్లు ఇదే అంకె చూపిస్తుంది. కాబట్టి ముల్లు సరిగా ఉన్నంత మాత్రాన గ్రాములు సరిగా ఉన్నాయని కాదు.

ఇంకో లక్షణం వింటే జేబు బరువు తగ్గకుండా ఉంటుంది. ఉదయం ఏసీ భేషుగ్గా పనిచేస్తుంది. మధ్యాహ్నం చంద్రగిరి దాటేసరికి ఆగిపోతుంది, అరగంట బండి ఆపితే మళ్లీ పట్టుకుంటుంది. "కంప్రెసర్ పోయింది" అని పదిహేను వేలు చెబుతారు. చాలాసార్లు క్లచ్ ప్లేటు అరిగి, పుల్లీకీ దానికీ మధ్య సందు పెరిగి ఉంటుంది. ఆ సందు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ప్లేటును లాగే క్లచ్ కాయిల్ వేడెక్కితే అయస్కాంత బలం తగ్గి, పెరిగిన సందును లాగలేకపోతుంది. ఆగిపోయిన క్షణంలో కాయిల్ వైరు దగ్గర 12 వోల్టులు ఉండి ప్లేటు కదలకపోతే లోపం ఇదే. ప్లేటు వెనక పల్చటి వాషర్ ఒకటి తీసేస్తే చాలు, ఐదారు వందల పని.

పోతుంటే చల్లగా, ఆగితే వేడిగా

చిత్తూరు రోడ్డెక్కితే వణికించే ఏసీ, అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో నిలబడగానే వేడి గాలి కొడుతుంది. దీనికి గ్యాస్ కొట్టించడమంటే డబ్బు పారేసుకోవడమే. బండి పరుగులో కండెన్సర్‌కు (రేడియేటర్ ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలేది) గాలి దానంతటదే తగులుతుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌దే. ఫ్యాన్ తిరగట్లేదా, మెల్లగా తిరుగుతోందా చూడండి. రిలే అయితే రెండొందలు, మోటార్ అయితే 1,500 నుంచి 3,500.

ఫ్యాన్ బాగుంటే బండి ఐడిలింగ్‌లో ఉండగా ముందు జాలీలోంచి కండెన్సర్ మీద చెంబెడు నీళ్లు పోయండి. ఒక్క నిమిషంలో వెంట్ గాలి చల్లబడితే వేడి బయటికి పోవట్లేదని రుజువైనట్టే: రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పేరుకున్నాయి, లేదా గ్యాస్ ఎక్కువైంది. శుభ్రం చేసేటప్పుడు మామూలు పైపు నీళ్లే వాడాలి, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి దారే మూసుకుంటుంది.

తిరుమల ఘాట్‌లో ఎక్కేటప్పుడు మాత్రమే ఏసీ తగ్గుతుంటే టెంపరేచర్ ముల్లు చూడండి. ఇంజన్ మరీ వేడెక్కితే కంప్యూటరే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా చాలా బళ్లలో కొన్ని సెకన్లు ఆగుతుంది. ముల్లు పైకి పోతోందంటే వెళ్లాల్సింది రేడియేటర్ మెకానిక్ దగ్గరికి.

అరగంట బాగుండి, తర్వాత పోతుంది

ఇక్కడ చెయ్యి వెంట్ మీద పెట్టి చూడాలి. గాలి బలమే తగ్గితే గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టింది: ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా మంచు కట్టకముందే కంప్రెసర్‌ను ఆపాల్సిన సెన్సర్ పోయుండాలి (500 నుంచి 1,200). గాలి అంతే బలంగా వస్తూ చల్లదనం మాత్రం పోతే లోపల తేమ ఉంది, అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలేది) సన్న రంధ్రంలో గడ్డకడుతోంది. వ్యాక్యూమ్ (పంపుతో లోపలి గాలి, తేమ లాగేయడం) పెట్టకుండానో, ఐదు నిమిషాలు పెట్టి వదిలేసో గ్యాస్ కొట్టిన బళ్లలో ఇది మామూలు. తేమ పీల్చే డ్రయ్యర్ మార్చి, 30 నుంచి 45 నిమిషాలు వ్యాక్యూమ్ లాగి, పంపు ఆపాక ముల్లు కదలకుండా పది నిమిషాలు నిలిచిందో లేదో చూసి, అప్పుడు గ్యాస్. మొత్తం మూడు వేల లోపు.

ఆర్నెల్లకోసారి గ్యాస్ కొట్టిస్తున్నారు

లీకును కళ్లతోనే సగం పట్టొచ్చు. గ్యాస్‌తో పాటు నూనె కూడా చెమరుస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి జిగురు మచ్చ పడుతుంది. పైపు జాయింట్లు, కంప్రెసర్ ముందు భాగం, కండెన్సర్ అంచులు టార్చ్ వేసి చూడండి. గ్యాస్ పట్టే వాల్వ్ మూత తీసి పిన్ను మీద సబ్బు నురుగు పెట్టండి, బుడగ లేస్తే యాభై రూపాయల పిన్నే దొంగ. జాయింట్లలోని రబ్బరు ఓ రింగులు ఒక్కోటి ఇరవై ముప్పై రూపాయలు. ఏసీకి వేసే రకమే వేయాలి, మామూలు నల్ల రింగు ఏడాదికే గట్టిపడుతుంది.

కనబడకపోతే నైట్రోజన్ టెస్ట్. పైపుల్లో 150 పీఎస్‌ఐ దాకా నైట్రోజన్ నింపి అరగంట వదిలి ముల్లు చూస్తారు, ఐదారు వందలు తీసుకుంటారు. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌తో ఈ పని చేయనివ్వకండి, తేమంతా లోపలికి పోతుంది. ఆక్సిజన్ సిలిండర్ అయితే లోపలి నూనెతో కలిసి పేలే ప్రమాదముంది.

ముల్లు పడిపోతున్నా బయట ఎక్కడా బుడగ లేదంటే మిగిలింది డాష్‌బోర్డ్ లోపలి కూలింగ్ కాయిల్. బండి ఆపి గంట అయ్యాక, నీళ్లు కారే పైపు దగ్గర లీక్ డిటెక్టర్ కూస్తే అనుమానం తీరుతుంది. చాలా మోడళ్లలో డాష్‌బోర్డ్ దించాలి, అదే పెద్ద ఖర్చు. ఉదాహరణకు కాయిల్ 3,500, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ 900, ఓ రింగులు 200, వ్యాక్యూమ్, గ్యాస్ కలిపి 1,500, కూలి 3,000: మొత్తం 9,100. వాల్వ్ బాగానే ఉందని తొమ్మిది వందలు మిగిల్చుకుంటే, రేపు దానికోసం మళ్లీ అదే మూడు వేల కూలి కట్టాలి. కాయిల్‌కు అతుకు వేయించడం మాత్రం వద్దు, దాని పక్కనే ఇంకోచోట చిల్లి పడుతుంది.

గ్యాస్ ఎంత పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది, చిన్న కార్లకు సాధారణంగా 350 నుంచి 500. "అన్నా, కాటా మీద పెట్టి కొట్టు" అని అడగండి. చేత్తో పైపు పట్టుకుని చూసి, చల్లగా ఉందని ఆపేసేవాళ్లు వంద గ్రాములు అటూఇటూ చేస్తారు. యాభై గ్రాములు ఎక్కువైనా క్యూలో నిలబడినప్పుడు ఏసీ చచ్చుబడుతుంది. మరీ చవకగా చెప్పే డబ్బా గ్యాస్ జోలికి పోకండి. వంటగ్యాస్ జాతివి నిప్పంటుకుంటాయి, కొన్ని నకిలీ మిశ్రమాలు అల్యూమినియాన్నే తినేస్తాయి.

గేజీ పెట్టినప్పుడు మీరూ చూడండి. ఇంజన్ 1,500 ఆర్‌పీఎమ్‌లో, 35 డిగ్రీల ఎండలో నీలం ముల్లు (తక్కువ ఒత్తిడి వైపు) 30–45, ఎర్ర ముల్లు (ఎక్కువ ఒత్తిడి వైపు) 200–250 మధ్య ఉండాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ, లేదా కండెన్సర్‌కు గాలి తక్కువ. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ అయితే కంప్రెసర్ పట్టు పోయింది. నీలం సున్నా వైపు జారితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది.

చప్పుడు

ఏసీ ఆఫ్‌లో ఉన్నా గీ... మని అరుస్తుంటే పుల్లీ బేరింగ్, పని మొత్తం వెయ్యి లోపు. ఏసీ వేసినప్పుడే గరగర వస్తే కంప్రెసర్ లోపలిది. అప్పుడు దాని నూనె చుక్క తెల్ల కాగితం మీద వేయించి చూడండి. పసుపు రంగులో తేటగా ఉంటే సరే. బూడిద రంగులో, మెరిసే రజను కనిపిస్తే ఆ రజను కండెన్సర్ సన్న గొట్టాల్లో చేరిపోయింది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. కంప్రెసర్ ఒక్కటి మార్చి పంపితే కొత్తదీ కొన్ని నెలల్లో అరుస్తుంది. ఇలాంటప్పుడు కంప్రెసర్ 14,000, కండెన్సర్ 5,000, వాల్వ్ 900, డ్రయ్యర్ విడిగా ఉంటే 700, ఫ్లషింగ్, నూనె 800, గ్యాస్ 1,500, కూలి 2,500: పాతిక వేలు దాటుతుంది. నొప్పిగానే ఉంటుంది, కానీ సగం చేయించడం అంతకన్నా ఖరీదు.

చెన్నై పుదుపేట నుంచి వచ్చే సెకండ్‌హ్యాండ్ కంప్రెసర్ నాలుగైదు వేలకు దొరుకుతుంది. తీసుకోవచ్చు, రెండు షరతుల మీద: పైపు రంధ్రాలకు మూతలు బిగించి ఉండాలి (తెరిచి పడేసినదైతే తేమ పట్టుంటుంది), చేత్తో క్లచ్ ముందు ప్లేటు తిప్పితే గరుకు తగలకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల కరెంటు కంప్రెసర్‌లో మాత్రం మామూలు కార్ల ఏసీకి వేసే ప్యాగ్ నూనె చుక్క కూడా పడకూడదు. వాటిని తెలిసినవాళ్ల దగ్గరే ముట్టనివ్వండి.

బిల్లు, బీమా

రాయి తగిలో గుద్దుకునో కండెన్సర్ పగిలితే సొంత నష్టం కింద బీమా వస్తుంది, అరుగుదలకు రాదు. అయితే 1,500 సీసీ లోపు బండికి మొదటి వెయ్యి మీరే పెట్టుకోవాలి. మూడు నాలుగేళ్ల మధ్య వయసున్న బండికి లోహపు భాగాల ధరలో 25 శాతం తరుగు తీస్తారు, జీరో డెప్ (తరుగు తీయకుండా కట్టే అదనపు బీమా) ఉంటే తీయరు. ఆపైన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. ఐదు వేల కండెన్సర్‌కు 35 శాతం బోనస్ వదులుకోవడం చాలాసార్లు నష్టం. మర్యాదగా సొంత డబ్బే పెట్టుకోండి.

నవంబరు, డిసెంబరు వానల్లో ఏసీ అవసరం లేదని రెండు మూడు నెలలు పూర్తిగా ఆపేస్తారు. నూనె అందక కంప్రెసర్ సీలు ఎండి గ్యాస్ జారేది ఆ నెలల్లోనే, తెలిసేది మార్చిలో. వారానికోసారి పది నిమిషాలు వేయండి, అద్దాల మీది ఆవిరి కూడా పోతుంది.