కిటికీ హ్యాండిల్ కొనే ముందు స్పిండిల్ కొలవండి

డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దాల) కిటికీకి హ్యాండిల్ విరిగితే చాలామంది ఫొటో చూసి అలాంటిదే ఆర్డర్ పెట్టేస్తారు, తీరా వచ్చాక అది సరిపోదు. రంగు, డిజైన్ తర్వాత సంగతి, ముందు పాతది విప్పి చూడండి. హ్యాండిల్ పక్కకి తిప్పితేనో, చిన్న ప్లాస్టిక్ మూత తీస్తేనో స్క్రూలు కనిపిస్తాయి.

వెనకాల నలుచదరపు కడ్డీ ఉంటే అదే స్పిండిల్. మందం మామూలుగా 7 మి.మీ. ఉంటుంది, తేడా అంతా పొడవులోనే. హ్యాండిల్ ప్లేటు (ఫ్రేముకి బిగించే భాగం) అడుగు నుంచి కడ్డీ కొస వరకే కొలవాలి. పొట్టిదైతే లోపలి లాక్‌ని అందుకోదు, ఎంత తిప్పినా దండగే. పొడుగుదైతే ప్లేటు ఫ్రేముకి ఆనదు, ఆ ఖాళీతోనే స్క్రూలు బలవంతంగా బిగిస్తే కొత్తది కూడా విరిగే ప్రమాదముంది. అయినా అనుమానంగా ఉంటే కాస్త పొడుగుదే తీసుకోండి, హాక్సా బ్లేడుతో కోసుకోవచ్చు. స్క్రూ రంధ్రాల మధ్య దూరం చాలావాటికి 43 మి.మీ. ఉంటుంది, అయినా ఒకసారి స్కేలు పెట్టి చూడండి.

కడ్డీ లేకుండా ముక్కులాంటి భాగం ఫ్రేముని పట్టుకునే కాక్‌స్పర్ రకమైతే, ఆ ముక్కు కింది అంచు ప్లేటు అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. అది తేడా వస్తే కిటికీ బిగువుగా మూసుకోదు, గాలి దూరుతూనే ఉంటుంది.

హ్యాండిల్ ఒక పక్కకి వంగి ఉంటే ఎడమదో కుడిదో ఇంటి లోపలి నుంచే చూసి రాసుకోండి. తాళం ఉన్నది కొంటే మాత్రం తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన చోట, దగ్గర్లోనే ఉంచండి, మంటలొస్తే బయటపడే దారి ఆ కిటికీయే కావచ్చు.