పాత ప్యాలెస్‌లో పెళ్లి: మేకు కొట్టకుండా రంగులు

హైదరాబాద్ చౌమహల్లా లాంటి పాత కట్టడంలో రిసార్టు తరహాలో రంగురంగుల పెళ్లి చేస్తుంటే, డెకరేషన్ అంతా గోడలను తాకకుండా సొంతంగా నిలబడేలా చేయించండి. పాత సున్నపు గచ్చు మేకు దెబ్బకు పెళ్లలుగా రాలుతుంది, టేపు పీకితే పై పొర ఊడొస్తుంది. ఇసుక నింపిన డబ్బాల్లో వెదురు గుంజలు పాతి పందిరి వేయించండి. కడియం నర్సరీల నుంచి కుండీల్లో అరటి, క్రోటన్, పామ్ మొక్కలు తెప్పిస్తే చాలు, ఆ కళే వేరు! పెళ్లయ్యాక బంధువులకు పంచేయొచ్చు కూడా. కోసిన పూలలో హెలికోనియా మల్లెలా తొందరగా వాడదు. పసుపునీళ్లు పాలరాయికి మరక పట్టిస్తాయి, మంగళస్నానాల చోట మందపాటి టార్పాలిన్ పరవండి. హోమం వెలిగించే అనుమతి మాత్రం అడ్వాన్స్ ఇవ్వకముందే కాగితం మీద రాయించుకోండి.